గడ్డం వచ్చిన పిల్లల ఫొటో కూడా వేయండి

సంపాదకులు గారికి,

నమస్కారం. మా ఇంటికి మీ పత్రికను పేపరు కుర్రాడు వెయ్యడు. మా పెద్దవాడు వెళ్లి తెస్తాడు. పొద్దున్న ఆరు కొట్టేసరికి, వాళ్లమ్మ ఇచ్చిన చిల్లర గుప్పిట్లో బిగించి, కంచరపాలెం ఊర్వశి జంక్షన్ దగ్గర పేపర్ల బల్ల దాకా నడుస్తాడు. వాడికి చదవడం రాదు. బల్ల మీద ఐదారు పత్రికలుంటే, పేరు రాసి ఉండే తీరూ రంగూ చూసి మీ పత్రికే తీస్తాడు. ఇన్నేళ్లలో ఒక్కసారీ వేరేది తేలేదు. చిక్కల్లా మీ సెలవుల్తోనే. ‘రేపు పత్రిక వెలువడదు’ అని ముందురోజు మొదటి పేజీలో గడి కట్టి మరీ వేస్తారు. అది చదివేది నేను, వెళ్లేది వాడు. ఎంత చెప్పినా వినడు. ఖాళీ బల్ల ముందు నిలబడి ఉంటాడు. ఏటా సంక్రాంతి సెలవునాడు పేపరుకు బదులు నేను వెళ్లి వాణ్ని తెచ్చుకుంటాను.

వాడికి 36 ఏళ్లు. నాకు 70. డీజిల్ లోకో షెడ్డులో ఫిట్టరుగా చేసి 2015లో రిటైరయ్యాను.

మొన్న ఆదివారం మీ అనుబంధంలో మానసిక వికలాంగ పిల్లల తల్లుల మీద రెండు పేజీల వ్యాసం వేశారు. పేరు ‘దేవుడి బిడ్డలు’. నాలుగు ఫొటోలున్నాయి. నలుగురిలో పెద్ద పిల్లకి తొమ్మిదేళ్లుంటాయేమో. రెండు జడలు, రిబ్బన్లు, చక్కగా నవ్వుతోంది. వ్యాసం రాసినావిడ మంచి మనసుతోనే రాశారు, కాదనను. ఆ తల్లుల మాటలు చదువుతుంటే మా ఆవిడ కళ్లు తుడుచుకుంది కూడా. కానీ చదవడం అయ్యాక పేపరు మడిచి, “ఏటండీ, ఈళ్లందరూ చిన్నోళ్లే. పెద్దోళ్లైపోయినోళ్లు ఏటైపోనారు?” అంది.

ఆ ప్రశ్న కోసమే ఈ ఉత్తరం.

మా వాడికి ఆరేళ్లప్పుడు ఇదే వీధిలో వాణ్ని ఎత్తుకోనివాళ్లు లేరు. ఊరికే నవ్వేవాడు, ఎవరు చేయి చాస్తే వాళ్ల దగ్గరికి వెళ్లేవాడు. కిరాణా కొట్టాయన బెల్లం ముక్క పెట్టేవాడు. ఇప్పుడూ వాడు అలాగే నవ్వుతాడు, అంతే గట్టిగా నవ్వుతాడు. ముద్దొచ్చిన ఆ నవ్వే ఇప్పుడు జనానికి భయం. కిందటి వేసవిలో ఒక పార్కుకి తీసుకెళ్లాను. ఉయ్యాల పైకి లేచినప్పుడల్లా చప్పట్లు కొట్టడం వాడికి సరదా. ఒకావిడ ఉయ్యాల మీంచి తన పాపను చంకనెత్తుకుని విసవిసా వెళ్లిపోయింది. వాచ్‌మన్ వచ్చి, పాపం, మొహమాటపడుతూనే అన్నాడు: “సార్, పెద్దాయన కదా, కొంచెం అటేపు కూకోబెట్టండి. కంప్లయింట్లొస్తన్నాయి.” అటేపు అంటే పార్కు గేటుకి అవతల, చెప్పుల స్టాండు పక్కన. మా వాడికి ఏమీ అర్థం కాలేదనుకున్నాను. కానీ ఆ తర్వాత పార్కు పేరెత్తితే చెప్పులు వేసుకోడు.

పాత కథ రెండు ముక్కల్లో చెప్పేస్తాను. 1990లో, పద్నాలుగు నెలల వయసులో మెదడువాపు జ్వరం వచ్చింది, ఫిట్స్ వచ్చాయి. కేజీహెచ్ ఆసుపత్రిలో పదిహేడు రోజులున్నాం. ప్రాణం దక్కింది. తర్వాత నడకా మాటా అన్నీ ఆలస్యమే. 1993లో గోదావరి ఎక్స్‌ప్రెస్ పట్టుకుని సికింద్రాబాదు వెళ్లాం. అక్కడ బోయినపల్లి మనోవికాస్ నగర్‌లో కేంద్ర ప్రభుత్వం వారి జాతీయ మానసిక వికలాంగుల సంస్థ (అప్పటి పేరు) ఉంది. అప్పటికది పెట్టి తొమ్మిదేళ్లే, 1984లో పెట్టారు. పరీక్షలన్నీ చేసి అక్కడి మేడమ్ ఒక మాట చెప్పారు. చదువు కోసం తాపత్రయపడకండి, పనులు నేర్పండి, ఒక్కో పనిని పది ముక్కలు చేసి నేర్పండి అని. నాకు ఆ మాట వెంటనే పట్టుబడింది. షెడ్డులో అప్రెంటిస్ కుర్రాళ్లకి మేం నేర్పేదీ అలాగే.

తర్వాత ప్రత్యేక పాఠశాల. బాగానే చూసుకున్నారు. కానీ 2007లో పద్దెనిమిది నిండగానే ఒక సర్టిఫికెట్టు, ఒక గ్రూపు ఫొటో, లడ్డూ పెట్టి పంపేశారు. వాళ్లనేం అంటాం? 1995 వికలాంగుల చట్టం ఉచిత చదువు పద్దెనిమిదేళ్ల వరకే అంది. దాని స్థానంలో వచ్చిన 2016 చట్టం కూడా ఆరు నుంచి పద్దెనిమిదే అంటుంది. కొత్త చట్టంలో వైకల్యాల జాబితా ఏడు నుంచి ఇరవై ఒకటికి పెరిగింది, వయసు మాత్రం పెరగలేదు. మామూలు పిల్లలకి పద్దెనిమిది తర్వాత కాలేజీలుంటాయి. మా వాళ్లకి ఆ మర్నాటి నుంచి నాలుగు గోడలు.

ఆ జూన్‌లో ఏం జరిగిందో చెప్తాను. స్కూళ్లు తెరిచిన రోజు వాడు మామూలుగా లేచి, స్నానం చేసి, యూనిఫాం వేసుకుని, సంచీ తగిలించుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. ఎనిమిదిన్నరకి వ్యాన్ రావాలి. రాలేదు. తొమ్మిదింటికి వాళ్లమ్మ లోపలికి తీసుకొచ్చింది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. యూనిఫాం దాచేశాం. మామూలు చొక్కాతోనే సంచీ తగిలించుకుని నిలబడ్డాడు. ఇలా దసరా దాకా, నాలుగు నెలలు. సంచీలో ఏముండేదో తెలుసా అండీ? ఖాళీ టిఫిన్ డబ్బా, స్పూను. వీధిలో మిగతా పిల్లల వ్యాన్లు వెళ్తుంటే చేయి ఊపేవాడు. ఆ నాలుగు నెలలూ నేను కావాలని మార్నింగ్ షిఫ్టు వేయించుకున్నాను, చూడలేక. మా ఆవిడకి షిఫ్టు మార్చుకునే వీలు లేదు.

వాణ్ని పేపరుకి పంపడం అలా మొదలైంది. పొద్దున్నే గేటు దాటి వెళ్లడానికి ఒక పని కావాలి, అంతే. మీరు గొప్ప వార్తలు రాస్తారని కాదు, ఏమనుకోకండి.

ఇక గడ్డం సంగతి. మా ఇంట్లో రోజు విడిచి రోజు పొద్దున్న నేను వాడికి గడ్డం గీస్తాను. పంతొమ్మిదో ఏట మొదలుపెట్టాను. పెరట్లో కుళాయి పక్కన స్టూలు వేస్తే వచ్చి కూర్చుంటాడు. నురగ తనే రాసుకుంటాడు, చెవుల్లోకి కూడా పోయేంత. బుగ్గ గాలితో పూరించమంటే పూరిస్తాడు. బ్లేడు గొంతు మీదికి వచ్చేటప్పుడు కళ్లు మూసుకుని ఊపిరి బిగపడతాడు. పదిహేడేళ్లలో వాడి మొహం మీద నా చేతి గాటు ఒక్కటి పడలేదు. రెండేళ్ల నుంచి నా కుడి చేయి వణుకుతోంది. నేను ఎవరికీ చెప్పలేదు. ఒక రోజు దవడ దగ్గర రేజరు ఆగిపోయింది. వాడు కళ్లు తెరిచి నా ముంజేయి పట్టుకున్నాడు. గట్టిగా కాదు, కదలకుండా ఉండేటంత. పట్టుకునే ఉంచి, మళ్లీ కళ్లు మూసుకుని బుగ్గ పూరించాడు. అప్పటి నుంచీ అలాగే గీస్తున్నాం. నా చేయి వాడి చేతిలో ఉంటుంది.

మా అమ్మాయి బెంగళూరు నుంచి ట్రిమ్మర్ పంపింది. దాని చప్పుడుకి మొదట వాడు మేడ మీదికి పారిపోయాడు. సరే, ముక్కలు చేద్దాం అనుకున్నాను. వారం రోజులు ఆఫ్‌లో ఉంచి చేతికిచ్చాను. ఇంకో వారం దూరంగా ఆన్ చేసి ఆపాను. ఆ తర్వాత అరచేతి మీద, మోచేతి మీద, భుజం మీద, చివరికి బుగ్గ మీద. రెండు నెలలు పట్టింది. ఇప్పుడు ఎడమ బుగ్గ తనే గీసుకుంటాడు. గడ్డం కింద, మీసం నేను. వచ్చే ఏడాదికి మీసం కూడా వాడికి అప్పగించాలని ఉంది. నాకు టైము ఎంతుందో తెలీదు కదా.

వీధిలో జనం వాడి గురించి భయపడటం మొదలుపెట్టాక నాకు తరచూ హుద్‌హుద్ తుపాను గుర్తొస్తుంది. 2014 అక్టోబరు 12, ఆదివారం. విశాఖలో ఉన్నవాళ్లెవరికీ ఆ రోజు గురించి చెప్పక్కర్లేదు. పదకొండు గంటలప్పుడు మా వీధి తలుపు గడియ ఊడిపోయింది. నేను, మా ఆవిడ ఇద్దరం ఆనుకున్నా తలుపు నిలవట్లేదు. మా వాడు వచ్చి తలుపుకి వీపు ఆనించి కింద కూర్చుని, రెండు కాళ్లూ మంచం కోడుకి తన్నిపెట్టాడు. మధ్యలో గాలి ఒక్కసారిగా ఆగిపోయింది. చెట్టు ఆకు కదల్లేదు. అయిపోయిందనుకుని అందరూ వీధిలోకి వచ్చారు. నేనూ వాణ్ని లెమ్మన్నాను. లేవలేదు. తిట్టాను కూడా. కాసేపటికి గాలి అటువైపు నుంచి మళ్లీ అందుకుంది, ముందుకన్నా ఎక్కువగా. తుపాను కన్ను మా మీంచే వెళ్లిందని తర్వాత మీ పత్రికలోనే చదివాను. వాడికి కన్నూ తెలీదు, ముక్కూ తెలీదు. లేవలేదు, అంతే. మూడింటి దాకా ఆ తలుపు వాడి వీపు మీద ఆగింది. చొక్కా విప్పితే వీపంతా కమిలిపోయి ఉంది.

మా వీధికి కరెంటు రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. ట్యాంకర్ వస్తే బిందెలు పట్టుకుని మేడలెక్కలేని ముసలివాళ్లున్నారు మా వరసలో. వాళ్లందరికీ నీళ్లు మోసింది మా వాడు. నిండు బిందె ఒలక్కుండా రెండంతస్తులు. ఎవరూ వాణ్ని అటేపు కూకోమనలేదు ఆ తొమ్మిది రోజులూ. ఇప్పటికీ ఆషాఢ పౌర్ణమి సింహాచలం గిరి ప్రదక్షిణ రాత్రి, ముప్పై రెండు కిలోమీటర్లు నడిచే జనానికి మాధవధార దగ్గర మా రైల్వే మిత్రులు నీళ్ల ప్యాకెట్లు పంచుతారు. రాత్రంతా నిలబడి పంచేది వీడే. అప్పన్న భక్తులు చేయి చాచి తీసుకుని వెళ్తారు. ‘పాపం’ అనడానికి వాళ్లకి తీరికుండదు. నాకు ఆ రాత్రి చాలా ఇష్టం.

చుట్టాలు ఇచ్చే సలహా ఒకటుంది, దాన్ని తొందరగా దాటేస్తాను. “పెళ్లి చేసేయండి, బాగుపడతాడు.” శ్రీకాకుళం వైపు నుంచి ఒక పేదింటి పిల్ల సంబంధం కూడా పట్టుకొచ్చారు ఒకాయన. నేను ఆయన్ని కాఫీ ఇవ్వకుండా పంపేశాను. మేం పోయాక వాడికి ఊడిగం చేసే మనిషి కావాలి కాబట్టి ఒక ఆడపిల్ల గొంతు కోయమంటారా? వయసొచ్చిన మగవాడి ఒంట్లో ఏమేం జరుగుతాయో వాడికీ జరుగుతాయి. తలుపేసుకోవడం, తన గదిలో తను ఉండటం వాళ్లమ్మ పదహారో ఏటే నేర్పింది. ఈ విషయం ఏ పత్రికా రాయదు, ఏ డాక్టరూ తనంతట తాను ఎత్తడు. తల్లులు ఒకళ్ల చెవిలో ఒకళ్లు చెప్పుకుంటారు.

కాగితాల సంగతి మాత్రం వివరంగా రాస్తాను. ఇది చదివే తల్లిదండ్రులకి పనికొస్తుంది. దయచేసి ఈ పేరా కత్తిరించకండి.

పద్దెనిమిది దాటితే చట్టం లెక్కలో వాడు మేజరు. తండ్రినని చెప్పి వాడి తరఫున నేను సంతకం పెట్టడానికి వీల్లేదు. ఒక బ్యాంకులో వాడి పేరున డిపాజిట్టు వేయడానికి వెళ్తే, కోర్టు ఆర్డరు తెమ్మన్నారు. కోర్టు అక్కర్లేదు. 1999 నేషనల్ ట్రస్టు చట్టం కింద ప్రతి జిల్లాలో కలెక్టరు అధ్యక్షతన లోకల్ లెవెల్ కమిటీ ఉంటుంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్లకి ఆ కమిటీయే గార్డియన్‌ను నియమిస్తుంది. ఆ సర్టిఫికెట్టును బ్యాంకులు అంగీకరించాలని రిజర్వు బ్యాంకు ఎప్పుడో సర్క్యులర్ ఇచ్చింది. నేను దాని నకలు తీసుకెళ్లి కౌంటర్ మీద పెడితే, లోపల కూర్చున్న పెద్దాయన కళ్లజోడు తీసి రెండుసార్లు చదివి, మూడోసారి నన్ను చూశారు. పని అయింది. అదే ట్రస్టు కింద ‘నిరామయ’ అని లక్ష రూపాయల ఆరోగ్య బీమా ఉంది. ముందుగా ఏ వైద్య పరీక్షా అడగరు. ఏటా గుర్తుపెట్టుకుని రెన్యువల్ చేయించుకోవాలి. మా వాడి ఫిట్స్ మాత్రల బిల్లులు దాంట్లోనే పెడుతున్నాను.

ఇంకొకటి, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు, రైల్వేవాళ్లు గట్టిగా వినాలి. సొంతంగా సంపాదించుకోలేని వైకల్యం ఉన్న కొడుక్కి గానీ కూతురికి గానీ, మన తర్వాత, మన భార్య తర్వాత, జీవితాంతం కుటుంబ పింఛను వస్తుంది. పాతికేళ్ల పరిమితి వాళ్లకి లేదు. కానీ బతికుండగానే పీపీఓలో, అంటే పింఛను ఆర్డరు కాగితంలో, పేరు ఎక్కించుకోవాలి, వాళ్ల తరఫున ఎవరు తీసుకోవాలో రాసివ్వాలి. మా షెడ్డులో నాతోపాటు పనిచేసినాయన “తర్వాత చూద్దాంలే” అని వాయిదా వేస్తూ వేస్తూ పోయాడు. ఆయన పోయాక ఆవిడ ఆ కూతుర్ని వెంటేసుకుని ఎన్నిసార్లు తిరిగిందో నాకు తెలుసు. రెండుసార్లు నేనే ఆటో మాట్లాడాను.

రాష్ట్ర ప్రభుత్వ పింఛను నేను అడగలేదు, నాకు పింఛను ఉంది. మా ఎదురింట్లో పనిచేసే ఆవిడ కూతురికి వస్తుంది. మూడు వేలుండేది 2024 జులై నుంచి ఆరు వేలైంది. ఒకటో తారీఖున సచివాలయం వాళ్లు ఇంటికొచ్చి ఇస్తారు. మంచిదే, ఎవరు చేసినా మంచిదే. ఆ పిల్లకి పాతికేళ్లు. ఆవిడ పనికి వెళ్తూ ఆ పిల్లని లోపల పెట్టి బయట తాళం వేస్తుంది. ఒకసారి నేను “తాళమేంటమ్మా” అన్నాను. “మరెక్కడెట్టమంటారు బాబూ?” అంది. ఆ తర్వాత నేను ఆ మాట ఎత్తలేదు. ఆరు వేలు ఇచ్చారు, బాగుంది. పొద్దున్న పది నుంచి సాయంత్రం నాలుగు దాకా ఆ పిల్ల ఎక్కడుండాలో ఎవరూ చెప్పలేదు.

అదీ నేను అడిగేది. పది నుంచి నాలుగు.

కంచరపాలెం, కప్పరాడ, మురళీనగర్, మాధవధార, ఈ చుట్టుపక్కలే నేను, ఇంకో ఇద్దరు తండ్రులు తిరిగి కనుక్కుంటే పదకొండు మంది తేలారు. చిన్నామెకి 22, పెద్దాయనకి 51. ఆయన తల్లికి 80 దగ్గర పడ్డాయి. ఒక సంఘం వారి కల్యాణ మండపం ముహూర్తాలు లేని రోజుల్లో ఖాళీగా తాళం వేసి ఉంటుంది. పగటి పూట మాకివ్వండి, అద్దె ఇస్తాం, టీచరు జీతం మేమే చందా వేసుకుంటాం అని అడిగాం. కూర్చోబెట్టి టీ ఇచ్చారు. అంతా విన్నారు. చివర్లో ఒకాయన, చదువుకున్నాయనే, నెమ్మదిగా అన్నారు: “పక్కన ట్యూషన్‌కి ఆడపిల్లలొస్తుంటారు కదండీ.”

నేను ఆ మాటకి అక్కడ బదులు చెప్పలేకపోయాను. టీ గ్లాసు కింద పెట్టి వచ్చేశాను. ఇంటికొచ్చాక రాత్రంతా బదులు చెప్తూనే ఉన్నాను గోడకి. మా పదకొండు మందిలో ఒంటి మీద మచ్చ లేనివాళ్లు తక్కువ. ఒకతనికి ఎవరో ఆకతాయిలు సిగరెట్టు అంటించారు. ఒకమ్మాయిని ఆటోలో తీసుకెళ్లబోయారు. మా వాడు 36 ఏళ్లలో చేయి చేసుకుంది ఒక్కసారి, అదీ నా మీద, పంటి నొప్పితో, నొప్పని చెప్పడం రాక. భయపడాల్సింది ఎవరు ఎవరికండీ? ఇది అక్కడే అనాల్సింది.

మండపం రాలేదు కాబట్టి మా మేడ మీద రేకుల షెడ్డులో మంగళవారం, శుక్రవారం నడుపుతున్నాం. నలుగురొస్తున్నారు. పువ్వొత్తులు చేస్తారు. పత్తి పీకి, గింజ తీసి, అరచేతిలో కొంచెం పాలు అద్దుకుని కొస మెలిపెట్టడం అమ్మలు నేర్పారు. లెక్క దగ్గర చిక్కొచ్చింది. ప్యాకెట్టుకి వంద ఉండాలి, నలుగురిలో ఎవరికీ పది దాటి లెక్క రాదు. నాకు షెడ్డు గుర్తొచ్చింది. ఒక టేకు చెక్క తీసుకుని వరసకి పది చొప్పున పది వరసల గుంటలు డ్రిల్లు చేశాను. గుంటకి ఒక వత్తి. గుంటలన్నీ నిండితే వంద. ఖాళీ కనిపిస్తే ఇంకా కాలేదు. అంకెలతో పని లేదు. కిందటి కార్తీకంలో గుడి దగ్గర పూజ సామాను కొట్టాయన మా ప్యాకెట్లు విప్పి ఐదు లెక్కపెట్టి చూశాడు. ఒక్కటీ తగ్గలేదు. తర్వాత లెక్కపెట్టడం మానేశాడు. ఖర్చులు పోను తలకి 340 రూపాయలొచ్చాయి. మా వాడు దాంట్లో మురీ మిక్చర్ తిని, మిగిలింది వాళ్లమ్మ బియ్యం డబ్బాలో వేశాడు. నేను నా మొదటి జీతం వేసింది కూడా మా అమ్మ బియ్యం డబ్బాలోనే. ఆ సంగతి వాడికి నేనెప్పుడూ చెప్పలేదు.

నగరపాలక సంస్థ పరిధిలో 98 వార్డులున్నాయి. వార్డుకొకటి అడగను. నాలుగైదు వార్డులకి కలిపి ఒక సామాజిక భవనం, పగటి పూట, తాళం తీసి ఇవ్వండి. ప్రత్యేక విద్యలో డిప్లొమా చేసిన టీచరు ఒకరు, ఆయా ఒకరు. పదేళ్లు దాటినవాళ్ల కోసం పగటి కేంద్రాలు నడపడానికి నేషనల్ ట్రస్టులో పథకం ఉంది. 2016 చట్టం ఐదో సెక్షనులో వికలాంగులకి అందరితోపాటు సమాజంలో బతికే హక్కు ఉందని రాసి ఉంది. అందరితోపాటు అంటే మేడ మీద రేకుల షెడ్డు కాదనుకుంటాను. మా ముగ్గురి మోకాళ్లూ ఆ మెట్లకి ఇంకెన్నాళ్లు ఆగుతాయి? మా అమ్మాయి “అన్నయ్యని నేను చూసుకుంటా నాన్నా, మీరు బెంగ పెట్టుకోకండి” అంటుంది. చూసుకుంటుంది, నాకు తెలుసు, అల్లుడు కూడా మంచివాడు. కానీ దాని ఉద్యోగం, దాని పిల్లలు దానికున్నారు. వాడి పగళ్లన్నీ దాని నెత్తిన పెట్టి పోవడం నాకిష్టం లేదు. పైగా వాడి పేపర్ల బల్ల ఇక్కడుంది.

ఇంకొక్క సంగతి. మా వీధిలో వాణ్ని అందరూ “ఏరా బుజ్జీ” అంటారు. ఇంట్లో మేం పిలిచేదీ అదే. మన వైపు అరవై ఏళ్ల బుజ్జిలున్నారు కాబట్టి దానికి నేను సిగ్గుపడను. ‘ఏరా’ మాత్రం, వాడికన్నా పదేళ్లు చిన్నవాళ్లు కూడా అంటుంటే, అలవాటైపోయి నాకే వినిపించడం మానేసింది. మూడు నెలల కిందట పాల బూత్‌లో కొత్తగా ఒకమ్మాయి చేరింది. వీడి సంగతి తెలీదు. “ఎన్ని ప్యాకెట్లు అన్నా?” అందట. వీడు ఇంటికొచ్చి ప్యాకెట్లు గట్టు మీద పెట్టి, గుండె మీద చేయి వేసుకుని, “అన్న” అన్నాడు. వాళ్లమ్మకి చెప్పాడు. నాకు చెప్పాడు. ఫోన్లో చెల్లెలికి చెప్పాడు. మర్నాడు పాలకి వెళ్లేముందు దువ్వెన అడిగాడు. ఆ అమ్మాయికి తర్వాత ఎవరో చెప్పారు వీడి గురించి. చెప్పాక కూడా “అన్నా” అనే అంటోంది. మా ఆవిడ ఆ పిల్లకి బెల్లం ఆవకాయ సీసా పంపింది.

మీ ఫొటోగ్రాఫర్ని ఒకసారి మా ఇంటికి పంపండి. ఆదివారం అనుబంధానికే అక్కర్లేదు, మామూలు రోజు లోపలి పేజీలో వేసినా చాలు. 36 ఏళ్ల మగవాడు, బట్టతల మొదలైంది, నవ్వితే పైపన్ను ఒకటి లేదు. రిబ్బన్లు ఉండవు. మంగళవారం గానీ శుక్రవారం గానీ వస్తే మేడ మీద నలుగురూ దొరుకుతారు, 51 ఏళ్లాయన కూడా ఈ మధ్య వస్తానంటున్నారు. పొద్దున్న వస్తే మాత్రం ఏడున్నర దాటాక రమ్మనండి. అంతకుముందు గడ్డం పనిలో ఉంటాం, అప్పుడు మా ఇద్దరి చేతులూ ఖాళీగా ఉండవు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ రైల్వే ఫిట్టరు,
కంచరపాలెం, విశాఖపట్నం